వాయిదా దినములలో బిడ్డల పెంపకము

ప్రత్తి తడిసి ధర తగ్గినది. సంఘపు అప్పు వాయిదా దగ్గరపడినది. రైతు ఇల్లు చేరునప్పటికి కుమారుడు క్రొత్తచొక్కా చింపుకొని యెదురగును. దెబ్బ పడును. అది చొక్కాకొరకో, ప్రత్తికొరకో యెవరికి వారే విచారించుకొనవలెను. బిడ్డ మాత్రము తప్పంతయు తనదేయని నమ్మి, మరునాడు తండ్రి అడుగుల చప్పుడు వినగానే పెరటిలోనికి పోవును.

బడిలో బిడ్డలను కొట్టుటను 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము, 17వ సెక్షను నిషేధించినది. ఇంటిలో ఆ కట్టుబాటు మనమే పెట్టుకొనవలెను.

పొలమునుండి రాగానే కాళ్లు కడుగుకొని కొంతసేపు అరుగుపై కూర్చుండుడు. అప్పుల లెక్కలు బిడ్డలు నిద్రించిన పిదప చూచుకొనుడు. అయినను వారికి వినబడకపోదు. మన యిండ్ల గోడలెంత! కావున పదేండ్ల బిడ్డకు ఉన్నమాట చెప్పుటయే మేలు: "నాయనా, ఈ యేడు పంట దెబ్బతిన్నది. నాకు దిగులుగా నున్నది. నీమీద కోపము లేదు." ఖర్చులేని మాటయే గాని నోట వచ్చుట కష్టము. చేయిచేసికొన్న రాత్రి "పొరపాటు చేసితిని" అనుట మరింత కష్టము; అయినను అనవలెను.

పొలము, పశువులు, వంట ముగించిన తల్లి విసుగునకు ఉపదేశము మందు కాదు. ఒకపూట పశువులకు మేతవేయుట, బిడ్డకు స్నానము చేయించుట తండ్రి చేయవలెను.

వాయిదా కట్టలేమని తోచినచో గడువునకు ముందే సంఘ కార్యదర్శిని కలిసికొనుడు. ప్రకృతి వైపరీత్యమువలన పంట నష్టమైనప్పుడు పంటఋణపు గడువు పొడిగించుటకు నిబంధనలు కలవు. దరఖాస్తు ఇచ్చివచ్చిన సాయంకాలము బిడ్డతో మాట కొంత తేలికగా వచ్చును.