బటన్ వదిలినా బరువు జారుతోందా?

ప్రశ్న: మా గోదాములోని హాయిస్ట్‌కు వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) బిగించాం. కాంటాక్టర్ పాయింట్లు కాలుతున్నాయని ఎలక్ట్రీషియన్ బ్రేక్ కాయిల్‌కు డయోడ్ పెట్టారు. ఇప్పుడు బటన్ వదిలినా లోడు కొంత జారి ఆగుతోంది. ఎందుకు?

జవాబు: మొదటి అనుమానం ఆ డయోడ్ మీదే. హాయిస్ట్ బ్రేక్‌ను పట్టి ఉంచేది స్ప్రింగు. కాయిల్ పని దాన్ని విడిపించడమే. సరఫరా తెగినా కాయిల్‌లోని కరెంటు డయోడ్ గుండా తిరుగుతూ నెమ్మదిగా తగ్గుతుంది. అంతసేపూ స్ప్రింగు ఆగాల్సిందే, బరువు మాత్రం ఆగదు.

బ్రేక్ కాయిల్‌కు డీసీ ఇచ్చే రెక్టిఫైయర్‌కు ఏసీ వైపు మాత్రమే స్విచ్చి ఉన్నా ఇదే తంతు. 230 వోల్టుల ఏసీని హాఫ్‌వేవ్ రెక్టిఫైయర్ సుమారు 103 వోల్టుల డీసీగా మారుస్తుంది. ఆ డీసీ వైపు కూడా కాంటాక్టుతో తెంపితే బ్రేక్ చప్పున పడుతుంది. కానీ తెంపిన క్షణాన కాయిల్ వందల వోల్టులు, అణచకపోతే అంతకు మించీ, ఎగజిమ్ముతుంది. అందుకే డయోడ్ తీసేసి, తగిన రేటింగున్న వేరిస్టర్‌ను కాయిల్‌కు సమాంతరంగా కలపాలి. కాంటాక్టు కూడా డీసీ కాయిల్ లోడుకు సరిపడేదై ఉండాలి.

బ్రేక్ సరఫరా మోటారు టెర్మినళ్ల నుంచి వస్తోందా? వీఎఫ్‌డీతో అది పనికిరాదు. వేగంతోపాటు వోల్టేజీ పడిపోతే బ్రేక్ సరిగా తెరుచుకోక లైనింగు రాచుకుపోతుంది. మెయిన్స్ నుంచి విడిగా లైను ఇచ్చి, డ్రైవ్‌లోని బ్రేక్ రిలేతో నడపాలి.

ఇవన్నీ సరిచేయించేదాకా ఆ హాయిస్ట్‌తో బరువులు ఎత్తకండి.