‘విత్ రిగార్డ్ టు’ చివర ‘ఎస్’ వద్దు

బుద్వేల్, రాజేంద్రనగర్ పిల్లలకు శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ ఇంటిపక్క ఉద్యోగం లాంటిది. 2008 మార్చిలో విమానాలు మొదలైనప్పటి నుంచి కార్గో, గ్రౌండ్ హ్యాండ్లింగ్, టికెటింగ్ కొలువుల వైపు ఇక్కడి డిగ్రీ పిల్లలు ఆశగా చూస్తూనే ఉన్నారు. ఆ కొలువులకు పెట్టే ఈమెయిల్‌లో తరచూ మొదటి వాక్యంలోనే దొర్లే తప్పు ఒకటుంది: ‘విత్ రిగార్డ్స్ టు’.

రాయాల్సింది ‘విత్ రిగార్డ్ టు’. ఇక్కడ రిగార్డ్ అంటే ఫలానా విషయానికి సంబంధించి అని. ‘ఎస్’ చేరిస్తే అది మర్యాదపూర్వక పలకరింపు. ఉత్తరం చివర సంతకానికి పైన రాసేది ఆ ‘రిగార్డ్స్’నే. ‘ఇన్ రిగార్డ్ టు’లోనూ ‘ఎస్’ ఉండదు. ‘యాజ్ రిగార్డ్స్’లో మాత్రం ఉండి తీరాలి, అక్కడ అది క్రియ. ఈ తికమకంతా అక్కడే పుడుతుంది.

దీనికి దగ్గరి చుట్టం ‘విత్ రిఫరెన్స్ టు’. చూపించడానికి తేదీయో, నంబరో, ప్రకటనో ఉన్నప్పుడు ఇదే బాగుంటుంది. కార్గోలో ప్రతి సరుకుకూ 11 అంకెల ఎయిర్‌వే బిల్ నంబర్ ఉంటుంది. మొదటి 3 అంకెలు విమాన సంస్థవి (098 అంటే ఎయిర్ ఇండియా), మిగతా 8 ఆ సరుకువి. వాటిలో చివరిది నంబర్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి. ‘విత్ రిఫరెన్స్ టు ఎయిర్‌వే బిల్ నంబర్...’ అని మొదలుపెడితే అవతలివాళ్లు నేరుగా ఆ సరుకు వివరాలే తెరుస్తారు. ఆలస్యం సంగతి మాట్లాడాలంటే ‘విత్ రిగార్డ్ టు ది డిలే’.

నన్నడిగితే, దరఖాస్తులో ఇంత బరువైన మాటలు అక్కర్లేదు. ‘ఐ యామ్ రైటింగ్ అబౌట్ ది కార్గో అసిస్టెంట్ పోస్ట్’ అంటే చాలు. చదివేవారికి హాయి, తప్పు దొర్లే చోటే లేదు. అలాగని ‘అబౌట్’ను అన్నిచోట్లా తగిలించకండి. మనం జీతం గురించి చర్చించాం అంటాం కాబట్టి ‘డిస్కస్డ్ అబౌట్ ది శాలరీ’ అని చెయ్యి దానంతటదే రాసేస్తుంది. ఇంగ్లీషులో ‘డిస్కస్డ్ ది శాలరీ’ అనే రాయాలి.

మీ పాత కవర్ లెటర్ తెరిచి ‘రిగార్డ్స్’ అని వెతకండి. సంతకం పైన ఉంటే అలాగే ఉంచండి. ‘విత్’కీ ‘టు’కీ మధ్య కనిపిస్తే, పంపే ముందే ‘ఎస్’ తీసేయండి.