ఆ ఒక్క వచనం దగ్గరే ఆగిపోకు చెల్లీ!

చెల్లీ, పనులన్నీ తెమిలాయా? అయితే ఇలా వచ్చి కూర్చో. నీతో మనసు విప్పి చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు తీసుకుంటాం కదా. ఎంత ఆశతో చెయ్యి చాపుతాం! పిల్ల పెళ్ళి, ఇంటాయన ఉద్యోగం, తీరని అప్పు, కడుపు పండలేదన్న దిగులు, అన్నీ ఆ చిన్న అట్టముక్క మీదే పెట్టుకుంటాం. ఇంటికి రాగానే వాక్యాల క్యాలెండరు పక్కన అంటిస్తాం. ఆ కార్డులంటే నాకూ ప్రాణమే. కానీ ఆ ఒక్క వచనం దగ్గరే ఆగిపోతే, దేవుడు ఆ మాట ఎవరితో అన్నాడో, వాళ్ళు ఏ కష్టంలో ఉండగా అన్నాడో మనకు తెలియకుండానే పోతుంది. రోజూ బైబిలు చదువుకోమని నేను పోరు పెట్టేది అందుకే.

యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనమే తీసుకో. మన విషయంలో దేవుడి తలంపులు మేలు కోసమేనని ధైర్యం చెప్పే మాట. మన ఇళ్ళ గోడల మీద ఎంతో ఇష్టంగా పెట్టుకునే వచనాల్లో అదొకటి. ఆ అధ్యాయం మొదటి నుంచి చదివితే అదొక ఉత్తరమని తెలుస్తుంది. నెబుకద్నెజరు చెరపట్టి బబులోనుకు తీసుకుపోయిన యూదులకు, యెరూషలేములో ఉన్న యిర్మీయా రాసి పంపిన ఉత్తరం. రాజు, రాజమాత, అధిపతులు, కంసాలులు, అందరూ ఊరు విడిచి పోయినవాళ్ళే. వాళ్ళ గుండెల్లో ఉన్న ప్రశ్న ఒకటే. తిరిగి ఇంటికి ఎప్పుడు?

ఆ ముందు అధ్యాయం కూడా చదువు. హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలో అంతా తిరిగొస్తుందని అందరి ముందూ చెప్పాడు. బబులోను రాజుకు లోబడాలని చెప్పడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరిచేశాడు కూడా. వినేవాళ్ళకు ఎంత హాయిగా ఉండి ఉంటుందో! యిర్మీయా ఉత్తరంలో మాత్రం 70 ఏళ్ళని ఉంది.

70 ఏళ్ళు చెల్లీ! ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామందికి సొంత ఊరు మళ్ళీ చూసే ఆయుష్షు మిగలదు. అలాంటివాళ్ళతోనే దేవుడు తన తలంపులు మేలైనవని చెప్పాడు. అంతకంటే ముందు ఇళ్ళు కట్టుకోమన్నాడు. తోటలు వేసుకుని వాటి పండ్లు తినమన్నాడు. పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కనమన్నాడు. తమను చెరలోకి తెచ్చిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించమన్నాడు.

ఇది తెలిశాక ఆ వచనం నాకు మరింత దగ్గరైంది. కష్టం రేపే తీరిపోతుందని అందులో లేదు. అది తీరేలోపు గడిపే రోజులు కూడా దేవుడి చేతిలోనివేనని ఉంది. ఎదురుచూపుల్లో ఉన్నప్పుడూ బతకమని, మొక్క నాటమని, పక్కవాళ్ళ మేలు కోరమని చెప్పే దేవుణ్ణి నేను నమ్ముకున్నాను.

కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళిన మన అక్కచెల్లెళ్ళు ఎందరో. కన్నపిల్లల్ని అమ్మ దగ్గర వదిలి, రాత్రి పని ముగిశాక ఫోన్లో వాక్యం వినే తల్లికి ఈ ఉత్తరం తనకే రాసినట్టు ఉండదూ? కొత్తగా అత్తారింటికి వచ్చి, ఇది ఎప్పటికి నా ఊరవుతుందని లోలోపల కుమిలే పిల్లకైనా అంతే.

ఎలా చదవాలంటావా? బైబిల్లో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు నాలుగు చదివితే ఏడాదిలో పూర్తవుతుంది. రోజుకొకటే అయితే మూడేళ్ళ పైచిలుకు పడుతుంది. పట్టనీ! తొందరేముంది? మొదలుపెట్టడానికి రూతు గ్రంథం మంచిది, నాలుగే అధ్యాయాలు. సామెతలు 31 అధ్యాయాలు కాబట్టి తేదీని బట్టి రోజుకొకటి చదువుకోవచ్చు. 119వ కీర్తనలో 176 వచనాలున్నా, ఎనిమిదేసి వచనాలతో 22 భాగాలుగా ఉంటుంది. పూటకో భాగం చాలు. చూపు ఆనని అత్తమ్మ ఇంట్లో ఉంటే పైకి చదువు, ఇద్దరికీ ఆహారమే. ఏ అధ్యాయమైనా సరే, ఈ మాట ఎవరు ఎవరితో అన్నారు, ఏ పరిస్థితిలో అన్నారు అని ముందు చూసుకో. ఆ తర్వాత, ఈ రోజు నన్నేం చెయ్యమంటున్నావు ప్రభువా అని అడుగు.

స్తోత్రం అనడానికి కూడా నోరు రాని రోజులుంటాయి. అప్పుడు 88వ కీర్తన తెరువు. ఏడుపుతో మొదలైన కీర్తనలు చాలావరకు చివరికి నమ్మకం వైపు మళ్ళుతాయి. ఇది మాత్రం చీకట్లోనే ముగుస్తుంది. అలాంటి మొర కూడా పరిశుద్ధ గ్రంథంలో ఉంది. బిడ్డను పోగొట్టుకుని ఏడ్చే తల్లిని చూసి విశ్వాసం తక్కువైందని ఎవరైనా అంటే నమ్మకు చెల్లీ. ఆ ఏడుపును దేవుడు ప్రార్థనగానే వింటాడు.

చివరిగా ఒక్క మాట. ఈ వారం ప్రార్థనలో నీ ఇంటివాళ్ళతో పాటు నువ్వుంటున్న వీధిని కూడా తలుచుకో. కుళాయి దగ్గర గొడవపడే ఆమెను, మన మందిరానికి రాని పక్కింటివాళ్ళను, తెల్లారకముందే వీధి ఊడ్చే అమ్మను పేరుపేరునా చెప్పు. పేర్లు తెలియకపోతే వెళ్ళి అడిగి తెలుసుకో. ఊరి క్షేమంలోనే మన క్షేమం ఉందని యిర్మీయా ఆ ఉత్తరంలో రాసింది చదివి ఊరుకోవడానికి కాదు కదా!