సిలోయము గోపురము, సునామీ అల

2004 డిసెంబరు 26, ఆదివారము ఉదయము సుమత్రా చెంత భూమి కంపించి సముద్రగర్భము పైకి లేచెను. ఆ త్రోపుడుకు కదలిన నీరు విమానవేగముతో పరుగెత్తి, సుమారు మూడు గంటలలో మన నెల్లూరు తీరమును కొట్టెను. లోతునీట పడవవారు గుర్తింపలేని చిన్న అల, ఒడ్డు చేరగా ఎత్తు పెరిగెను. ఉప్పునీరు నిలిచిన చేలు, నూతులు చెడును.

ఆ దినమున పోయిన జాలరులు మనకంటె పాపులా? గోపురము కూలి చచ్చిన పదునెనిమిదిమందిని గూర్చి ప్రభువు ఏమనెనో లూకా 13లో చదువుడి. బిడ్డను పోగొట్టుకొనిన తల్లియెదుట శిక్షయని పలుకుట క్రూరత్వము.

2007 నుండి హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రము పనిచేయుచున్నది. అయినను తీరమునకు పనికి పోవు వెంకటాచలమువారు ఇది ఎరుగవలెను: సముద్రము ఒక్కసారి వెనుకకు తగ్గినచో చేపలేరుటకు దిగక, పిల్లలతో మెరకకు పోవుడి. మొదటి అల పోగానే తిరిగి రావద్దు. తరువాతిది ఇంకను పెద్దది కావచ్చును.