సగంలో ఆగిన బొంత

ప్రశ్న: అమ్మ పాత చీరలతో మొదలుపెట్టిన బొంత ఏళ్లుగా ట్రంకుపెట్టెలోనే ఉంది. పక్కన సంచీనిండా గుడ్డముక్కలు. ఎలా పూర్తిచేయాలి?

జవాబు: సంచీ తర్వాత విప్పుదురుగాని, ముందు బొంత సంగతి చూడండి. గాలికి ఆరేసి, మడత పడ్డచోట గుడ్డను రెండు వేళ్లతో పట్టి లాగండి. పిగిలిందా, పైన మరో ముక్క వేసి కుట్టాల్సిందే. ముక్కల్లో ఉతికిన నూలువే తీసుకోండి. పాలిస్టర్ కలిపితే నూలు కుంచించుకుపోతుంది, పాలిస్టర్ అలాగే ఉంటుంది, బొంతంతా ముడతలే. ఎరుపు, నీలం ముక్కల్ని తడిపిన తెల్లగుడ్డతో రుద్దితే రంగు దిగేదీ లేనిదీ తెలిసిపోతుంది. పొరలు నేలమీద బిగువుగా పరిచి, మధ్య నుంచి అంచులకు కచ్చా కుట్లు వేశాకే అసలు కుట్టు అందుకోండి. అమ్మ కుట్టు వంకరపోయినా విప్పకండి, నా మాట వినండి. అంచుకు పాత చీర బార్డరు చాలు.