ఆశలు మునిగిపోయిన దినమున

చదువవలసిన భాగములు: లూకా 24:13–35, యిర్మీయా 32:6–15, రోమా 5:3–5



2024 సెప్టెంబరు 1వ తేదీ ఆదివారమును మన ఇబ్రహీంపట్నము ప్రాంతమువారు మరువజాలరు. కొండపల్లి శాంతినగరు వద్ద బుడమేరు మళ్లింపు కాలువ కట్టకు గండ్లు పడెను. మరునాడు ప్రకాశం బారేజియొద్ద కృష్ణమ్మ 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీటితో పారెను. వెనుకటి వారెవరును అంత వరదను చూచి యెరుగరు. ఒకవైపు ఏరు, ఒకవైపు నది. నడుమ మన ఇండ్లు, మన చేలు.

నీరు తీసిన తరువాత నేను ఒక సహోదరి యింటికి వెళ్లితిని. ఆమె గడపలోని బురదను పారతో ఎత్తిపోయుచుండెను. అరుగుమీద తుప్పు పట్టుచున్న కుట్టుమిషను, ఎండకు పరచిన కుమార్తె పుస్తకములు ఉండెను. కౌలుకు తీసికొని నాట్లు వేసిన చేను ఇసుక మేట వేసియుండెను. ఆ పంట చేతికి వచ్చినయెడల కుమార్తెను నర్సు చదువునకు పంపవలెనని ఆ కుటుంబము ఎన్నాళ్లనుండియో అనుకొనుచుండిరి.

నేను కూర్చుండినది మొదలు ఆదరణ వాక్యములు చెప్పి, దేవుడు సమస్తమును మేలు కొరకే జరిగించునని అంటిని. ఆమె తల వంచుకొని, "అవునండి అయ్యగారూ" అనెను. ఆ మాటలో విశ్వాసముకంటె మర్యాదయే యెక్కువగా నాకు వినబడెను. నేను చెప్పినది అబద్ధము కాదు. అయినను ఆమె హృదయమును అది తాకలేదు. ఆ రాత్రి లూకా సువార్త 24వ అధ్యాయము తెరచి చదివితిని. నేను నేర్చుకొన్న పాఠమునే ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాను.

1. ప్రభువు మొదట అడిగెను, తరువాత బోధించెను

ఎమ్మాయు యెరూషలేమునకు ఆమడ దూరము. మన ఇబ్రహీంపట్నమునుండి విజయవాడ ఇంచుమించు అంతే యుండును. ఆ త్రోవను ఇద్దరు శిష్యులు దుఃఖముతో నడచిపోవుచుండిరి. యేసే ఇశ్రాయేలును విడిపించునని వారు ఆశపెట్టుకొనిరి. ఆయనను సిలువ వేసి మూడు దినములాయెను. 21వ వచనమును శ్రద్ధగా చదువుడి. వారు తమ ఆశనుగూర్చి పోయినవారినిగూర్చి చెప్పినట్లు, జరిగిపోయిన సంగతిగా చెప్పుచున్నారు.

అప్పుడు తిరిగి లేచిన ప్రభువు వారి ప్రక్కకు వచ్చి నడచెను. ఆయన తలచినయెడల తన చేతులను చూపి క్షణములో వారి దుఃఖమును పోగొట్టగలడు. అయినను మొదట వారిని అడిగెను. మీరు మాటలాడుకొనుచున్న సంగతి యేమని అడిగి, వారు చెప్పినదంతయు వినెను. సమస్తము ఎరిగినవాడే యెరుగనివానివలె వినెను! లేఖనములను విప్పి చెప్పుట ఆ తరువాతనే.

మరునాడు నేను తిరిగి ఆ యింటికి వెళ్లితిని. "చెప్పమ్మా, ఏమేమి పోయినవి?" అని మాత్రము అడిగితిని. ఆమె గంటసేపు చెప్పెను, ఏడ్చెను. చివరకు తానే, "ఇప్పుడు ప్రార్థన చేయండి అయ్యగారూ" అనెను.

కావున, ప్రియులారా, మీ ఆశ పోయినదని ప్రభువుతో చెప్పుటకు భయపడకుడి. అది అవిశ్వాసము కాదు. పొరుగువాని దుఃఖమును వినునప్పుడు త్వరపడి వాక్యము ఒప్పజెప్పకుడి. ఇది నీ పాపమునకు వచ్చిన శిక్ష అని అసలే అనకుడి. సిలోయము గోపురము పడి చచ్చినవారు ఇతరులకంటె పాపులు కారని మన ప్రభువే సెలవిచ్చెను (లూకా 13:4–5). ఏరు గండిపడినప్పుడు భక్తుని చేను, భక్తిలేనివాని చేను ఒక్కటిగానే మునిగెను.

2. పోయినదానినే కాదు, గొప్పదానిని ఇచ్చును

ఆ శిష్యులు కోరినది రోమా ప్రభుత్వమునుండి విడుదల. ప్రభువు వారికి దానిని ఇయ్యలేదు. పాపమునుండియు మరణమునుండియు విడుదలను ఇచ్చెను. వారి ఆశ పెద్దదై నెరవేరలేదని కాదు, అది చిన్నదైయుండెను.

ఇందుకు మన కన్నులయెదుటనే ఒక సాదృశ్యమున్నది. కృష్ణకు విజయవాడయొద్ద 1852లో ఆరంభించిన ఆనకట్టను 1855లో ముగించిరి. దాదాపు నూరేండ్లు అది డెల్టా పొలములకు నీరిచ్చెను. 1952లో దానికి గండిపడెను. ఆనాటి రైతు మనస్సును తలంచుడి! తాతలనాటినుండి నమ్ముకొన్న కట్టయే తెగిపోయెను. అయితే పాతదానికి అతుకువేసి విడిచిపెట్టలేదు. దాని సమీపముననే క్రొత్త బారేజి కట్టి, 1957 డిసెంబరు 24వ తేదీన ప్రారంభించి, టంగుటూరి ప్రకాశం గారి పేరు పెట్టిరి. పాత ఆనకట్ట నీటిని కాలువలకు మళ్లించెను. క్రొత్తది ఆ పనితోపాటు తనమీద బాటను మోసి, కృష్ణా గుంటూరు తట్టులను కలిపెను. 2024 వరదలో పడవలు కొట్టుకొనివచ్చి దాని గేట్లయొద్ద తగిలినను అది నిలిచెను.

ఐతే ఒక జాగ్రత్త. దేవుడు పోయిన ప్రతిదానికి మారుగా అంతకంటె ఎక్కువ ధనమిచ్చునని లేఖనము వాగ్దానము చేయలేదు. పోయిన బిడ్డకు మారు లేదు. ఎమ్మాయు శిష్యులకు దొరికినది వస్తువు కాదు, ప్రభువే. వారి బల్లయొద్ద రొట్టె విరిచిన ఆ చేతులే వారి నిరీక్షణ.

3. నిరీక్షణ చేతులతో చేయు పని

యిర్మీయా కథ రైతులకు బాగుగా తెలియవలసిన కథ. బబులోను సేన యెరూషలేమును ముట్టడించియున్నది. ప్రవక్త చెరసాల ప్రాకారములో ఉన్నాడు. దేశము శత్రువు చేతిలో పడునని అతడే ప్రకటించెను. అట్టి సమయమున పినతండ్రి కుమారుడైన హనమేలు వచ్చి, అనాతోతులోని పొలము కొనుమనెను. శత్రుసేన చేతికి పోవుచున్న భూమిని ఎవరు కొందురు? యిర్మీయా కొనెను. పదునేడు తులముల వెండి తూచి యిచ్చి, దస్తావేజు వ్రాసి సాక్షులచేత చేవ్రాలు చేయించి, చాలకాలము చెడకుండ మంటికుండలో పెట్టించెను. ఆ దేశములో ఇండ్లును పొలములును మరల కొనబడునని దేవుడు చెప్పియుండెను.

గమనింపుడి: యిర్మీయా ఆ పొలమును దున్ని పంట కోసినట్లు మనము చదువము. తరువాత అతనిని ఐగుప్తునకు తీసికొనిపోయిరి. తాను అనుభవింపని పంట కొరకు అతడు వెల చెల్లించెను. నిరీక్షణ యనగా రేపు ఏమి జరుగునో తెలియుట కాదు. రేపు ఎవరిదో తెలిసి, నేడు చేయవలసినది చేయుట.

4. ఆలస్యమైనను ఆయన వినుచుండెను

మన కృష్ణా తీరపు సంఘ చరిత్రలో పగోలు వెంకయ్యగారి పేరు మరువరానిది. రాఘవాపురము ప్రాంతమువాడు. లోకము అంటరానివారని త్రోసివేసిన మాల కుటుంబమున పుట్టెను. 1849 ప్రాంతమున విగ్రహములు వ్యర్థమను మాట అతని చెవిని పడెను. అప్పటినుండి పేరైనను తెలియని ఆ నిజదేవుని, నీవెవరవో నాకు కనుపరచుమని ప్రార్థించుచుండెను. బోధకుడు లేడు, బైబిలు లేదు. ఒక సంవత్సరము కాదు, పది సంవత్సరములు.

ఆ కాలముననే డార్లింగు అను మిషనెరీగారు బెజవాడలో సువార్త ప్రకటించుచుండిరి. పనికి ఫలము బహు స్వల్పము. ఒకరు వెదకుచుండిరి, ఒకరు విత్తుచుండిరి. ఒకరి సంగతి మరియొకరికి తెలియదు. 1859లో వెంకయ్యగారు బెజవాడకు వచ్చి ఆయన బోధ విని, తాను ఇన్నాళ్లు వెదకిన దేవుడు ఈయనేయని సంతోషించెను. ఆ సంవత్సరమే బాప్తిస్మము పొందెను. అతని సాక్ష్యమువలన ఆ పల్లెలలో అనేక కుటుంబములు ప్రభువునొద్దకు వచ్చెను.

ఆ పది సంవత్సరములలో దేవుడు ఊరకుండెనని వారిద్దరిలో ఎవరైనను తలంచియుండవచ్చును. ఊరకుండలేదు. నేడు నీ ప్రార్థనకు జవాబు కనబడనియెడల, నీకు తెలియని త్రోవలో ఆయన నడచుచున్నాడని నమ్ముము.

సంఘమునకు ఒక మాట

అప్పులు పైబడినప్పుడు, పంట పోయినప్పుడు, ఇక బ్రదుకుట యెందుకను తలంపు కొందరికి వచ్చును. ఏలీయాకును వచ్చెను (1 రాజులు 19:4–8). దేవుడు అతనిని గద్దింపలేదు. నిద్రపోనిచ్చి, దూతచేత రొట్టెయు నీళ్లును ఇచ్చి, ప్రయాణము నీ శక్తికి మించినదని చెప్పించెను. అట్టివారు మీ పేటలో ఉన్నయెడల ఒంటరిగా విడువకుడి. అన్నము తీసికొని వెళ్లుడి, ప్రక్కన కూర్చుండుడి, వైద్యునియొద్దకు తోడుగా నడువుడి. మీరే అట్టి స్థితిలో ఉన్నయెడల సిగ్గుపడక ఈ రాత్రియే ఒకరితో చెప్పుడి.

ముగింపు

ఎమ్మాయు శిష్యులు ప్రొద్దు క్రుంకినదని ప్రభువును ఇంట ఉండుమనిరి. ఆయనను గుర్తించిన వెంటనే, ఆ గడియలోనే లేచి చీకటిలో ఆమడ దూరము యెరూషలేమునకు తిరిగి నడచిరి. త్రోవ అదే, కాళ్లు అవే. హృదయము మాత్రము వేరు.

ఆ సహోదరి సంగతి తెలిసికొనగోరుదురేమో. ఆ సంవత్సరము కుమార్తె చదువునకు వెళ్లలేదు. ఆ తరువాతి సంగతి ప్రభువు చేతిలో ఉన్నది. అయితే చలికాలము రాకముందే సంఘములోని యౌవనులు నలుగురు వెళ్లి ఆ చేనిలో ఒక చెక్క ఇసుక ఎత్తిపోసిరి. అందులో ఆమె మినుములు చల్లెను. నేను అటు వెళ్లినప్పుడు ఆమె, "మొలకెత్తినవి, చూడండి అయ్యగారూ" అని చూపెను. ఆ చిన్న చెక్కయే నా కంటికి అనాతోతు పొలమువలె కనబడెను.

కుటుంబ ప్రార్థనలో ఆలోచింపవలసినవి

1. నేను ఆశపెట్టుకొని పోగొట్టుకొన్నది ఏమి? దానిని ప్రభువుతో దాచక చెప్పితినా?
2. ఇతరుల దుఃఖమును వినునప్పుడు నేను ముందుగా అడుగుదునా, ముందుగా బోధింతునా?
3. ఫలము కనబడకపోయినను ఈ నెలలో నేను విత్తవలసిన "అనాతోతు పొలము" ఏది?

ప్రార్థన: త్రోవలో మాతో నడచు ప్రభువా, మా ఆశలు మునిగినప్పుడు నీవు మునిగిపోలేదని మాకు జ్ఞాపకము చేయుము. మా మాట వినుము. నీ మాట మాకు వినిపించుము. చీకటిలోనైనను లేచి నడచు బలము దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.