చెత్తకు చోటెక్కడ?

మానవుడు స్థిరనివాసం ఏర్పరచుకొన్న నాటి నుండి చెత్త అతనిని వెన్నంటియే ఉన్నది. ఇల్లు ఊడ్చుకోవడం సులభమే. ఊడ్చిన దానిని ఎక్కడ వేయాలన్నదే ప్రశ్న. మెట్టప్రాంతాలలో ఊరి వెలుపల బంజరుభూమి అయినా ఉంటుంది. గోదావరి డెల్టాలో అదీ అరుదే. ఇక్కడ ఊరు దాటితే వరిచేను, చేను దాటితే కొబ్బరితోట, వాటి నడుమ కాలువ. చోటు దొరకని చెత్త చివరకు కాలువగట్టునే చేరుతుంది.

సర్ ఆర్థర్ కాటన్ సారథ్యంలో 1847-1852 సంవత్సరాల మధ్య ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మితమైంది. దాని నుండి వెలువడిన కాలువలు ఉభయగోదావరి సీమలను ధాన్యాగారంగా మార్చాయి. అవి పొలాలను తడపడంతోనే ఆగవు. భూగర్భజలం ఉప్పుబారిన తీరగ్రామాలకు దాహం తీర్చేవి కూడా అవే. వేసవిలో కాలువలు కట్టివేయడానికి ముందు గ్రామాలవారు మంచినీటి చెరువులను కాలువనీటితో నింపుకొంటారు. అందుచేత ఎగువ ఊరివారు కాలువలో విసరిన చెత్త దిగువ ఊరివారి తాగునీటిని కలుషితం చేస్తుంది. ఈ సీమలో చెత్త పారిశుద్ధ్య సమస్య మాత్రమే కాదు, తాగునీటి సమస్య కూడా.

పూర్వం పల్లెలలో పెరటి వెనుక పెంటపోగు ఉండేది. పేడ, బూడిద, ఎండుటాకులు, కూరగాయల తొక్కలు, తిని తీసిన అరటాకులు అన్నీ అక్కడే కుళ్లి ఎరువయ్యేవి. వేసవిలో ఆ ఎరువును బండ్లపై పొలాలకు తోలేవారు. నాటి చెత్తలో అధికభాగం మట్టిలో కలిసిపోయేదే. నేడు ఇంటింటా పశువులు లేవు; పెంటపోగులూ తగ్గిపోయాయి. వాటి స్థానంలో ప్లాస్టిక్ సంచులు, షాంపూ పొట్లాలు, పాత బ్యాటరీలు వచ్చి చేరాయి. పట్టణపు వస్తువులు పల్లెకు వచ్చినంత వేగంగా వాటిని తొలగించే ఏర్పాట్లు రాలేదు.

పట్టణాలలో బండి వచ్చి చెత్తను తీసుకొనిపోతుంది. అయితే తడి, పొడి కలిసిన చెత్త దేనికీ కొరగాదు. గుట్టలుగా పడి కుళ్లిన ఆ చెత్త నుండి మీథేన్ వాయువు పుడుతుంది. మురుగురసం నేలలోకి ఇంకుతుంది. దానికి నిప్పు పెడితే విషవాయువులు వెలువడతాయి. ప్లాస్టిక్ మురుగుకాలువలకు అడ్డుపడినపుడు వాననీరు చేలలోనే నిలిచిపోతుంది.

ఈ దుస్థితిని నివారించడానికి కేంద్ర ప్రభుత్వం 2000 సంవత్సరంలో పురపాలక ఘనవ్యర్థాల నిబంధనలను రూపొందించింది. 2016లో వచ్చిన నిబంధనలు తడిచెత్త, పొడిచెత్త, ప్రమాదకరమైన చెత్త అని ఇంటిలోనే మూడు విధాలుగా వేరుచేయాలని నిర్దేశించాయి. ఆంధ్రప్రదేశ్‌లోని అనేక గ్రామపంచాయతీలలో చెత్త నుండి సంపద తయారీ కేంద్రాలు నిర్మితమయ్యాయి. తడిచెత్తను వానపాముల సాయంతో సుమారు రెండు నెలలలో ఎరువుగా మార్చవచ్చు. కోనసీమలో విరివిగా లభించే కొబ్బరిడొక్కల నుండి పీచు తీసి తాళ్లు, పట్టలు తయారుచేస్తున్నారు. కాగితం, గాజు, ఇనుము మరల కర్మాగారాలకు చేరుతాయి.

అయితే ఈ కేంద్రాలు సఫలం కావాలంటే వేరుచేయడం వంటింటిలోనే జరగాలి. అక్కడ జరగనిచో ఆ భారం పారిశుద్ధ్య కార్మికుని చేతులపై పడుతుంది. పగిలిన గాజుముక్కలు, వాడిన సూదులు గుచ్చుకొనేది ఆ చేతులకే. మన ఇంటి శుభ్రత మరొకరి అనారోగ్యానికి కారణం కావడం న్యాయం కాదు.

ప్రాచీన ధర్మశాస్త్రాలు నీటిలో ఉమ్మడాన్ని సైతం నిషేధించాయి. పన్నెండేండ్లకొకసారి పుష్కరాలలో భక్తితో మునిగే నది ఒకటి, ప్రతిదినం చెత్త వేసే కాలువ వేరొకటి అని భావించడం పొరపాటు. కాలువలో ప్రవహించేదీ గోదావరీజలమే. ఈ సత్యాన్ని గ్రహించి ప్రతి విద్యార్థి తన ఇంటి నుండే చెత్తను వేరుచేయడం ప్రారంభించాలి. అప్పుడే దిగువ ఊరివారికి నిర్మలమైన నీరు అందుతుంది.